మసాయ్ మారాకు మొదటిసారి వెళ్తున్నారా? ఇలా సిద్ధమవ్వండి

కెన్యా వెళ్ళాలనుకునే మనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "వారంలో ఎన్ని పార్కులు చూడొచ్చు?" నేనూ మొదటిసారి అదే అడిగాను. ఆరు రోజుల్లో నాలుగు పార్కులు అన్న ప్యాకేజీ చూసి సంబరపడి డబ్బు కట్టేశాను. సాంబురు, నకూరు, మారా, అంబోసెలి. పేర్లన్నీ చూశాను. జంతువుల్ని మాత్రం సరిగ్గా చూడలేదు. రోజుకు ఐదారు గంటలు రోడ్డు మీదే గడిచేవి. పార్కు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉండేది, సింహాలన్నీ పొదల కింద పడుకుని ఉండేవి. మారాలో దొరికింది ఒక్క సాయంత్రం, ఒక్క ఉదయం.

రెండోసారి వెళ్ళినప్పుడు మారాలోనే నాలుగు రాత్రులు ఉన్నాను. అప్పుడు తెలిసింది అడవిని చూడటం అంటే ఏమిటో. అందుకే ఈ గైడ్‌లో ముందు నుంచి చివరిదాకా నేను చెప్పేది ఒకటే: తక్కువ చోట్లకు వెళ్ళండి, ఎక్కువసేపు ఉండండి.

మొదటి పని: ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోండి

మారాలో అందరూ చూడాలనుకునేది వైల్డ్‌బీస్ట్‌ల వలస, అంటే ఎద్దుల్లా కనిపించే పెద్ద జింకల వలస. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు వానల వెంట, పచ్చిక వెంట ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరి ప్రాంతంలో టాంజానియాలోని సెరెంగేటి దక్షిణ భాగంలో ఈనుతాయి. జూలై చివరికి ఉత్తరానికి, అంటే కెన్యా వైపు వస్తాయి. అక్టోబర్ దాకా మారా నదిని అటూ ఇటూ దాటుతుంటాయి. మొసళ్ళున్న నదిలోకి దూకే ఆ దృశ్యం కోసమే జూలై నుంచి అక్టోబర్ వరకు జనం విరగబడతారు.

ఇక్కడ డబ్బు లెక్క చూడండి. 2024 జూలై నుంచి మారా రిజర్వులో విదేశీయులకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ వరకు పెద్దలకు రోజుకు 100 డాలర్లు. జూలై నుంచి డిసెంబర్ వరకు 200 డాలర్లు. 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు 50. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఆగస్టులో వెళ్తే ఒక్క రోజుకే 500 డాలర్లు గేటు దగ్గర కట్టాలి. గది, బండి, భోజనం వేరే. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. ఈ రుసుములు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

మన సెలవులతో పోల్చుకుంటే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. వేసవి సెలవులు, ఏప్రిల్, మే, అక్కడ పెద్ద వానల కాలం. నల్లరేగడి బురదలో బండ్లు దిగబడతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. దసరా సెలవుల్లో వలస చివరి రోజులు దొరకొచ్చు, ఖర్చు మాత్రం ఎక్కువ. సంక్రాంతి సెలవులే నాకు నచ్చిన సమయం. జనవరి, ఫిబ్రవరి పొడిగా ఉంటాయి, రుసుము సగం, బండ్ల రద్దీ తక్కువ. వలస గుంపులు ఉండవు. కానీ మారాలోని సింహాలు, చిరుతలు, చీతాలు, ఏనుగులు వలస వెళ్ళవు, ఏడాదంతా అక్కడే ఉంటాయి. నది దాటే దృశ్యమే కావాలంటే తప్ప, మొదటిసారి వెళ్ళేవారికి నేను చెప్పేది జనవరే.

రెండో పని: దారి గీసుకోండి

ఎనిమిది రాత్రులుంటే నేనైతే ఇలా పెట్టుకుంటాను: నైరోబిలో ఒకటి, అంబోసెలిలో రెండు, నైవాషా సరస్సు దగ్గర ఒకటి, మారాలో నాలుగు.

అంబోసెలి చిన్న పార్కు, 392 చదరపు కిలోమీటర్లే. అక్కడికి వెళ్ళేది ఏనుగుల కోసం, కిలిమంజారో కోసం. 5,895 మీటర్ల ఆ కొండ టాంజానియాలో ఉంది, అందంగా కనిపించేది మాత్రం కెన్యా వైపు నుంచే. పొద్దెక్కితే మబ్బులు కమ్మేస్తాయి. తెల్లవారి ఆరు గంటలకల్లా పార్కులో ఉంటేనే మంచు శిఖరం, దాని ముందు నడిచే ఏనుగుల బారు చూడగలరు. 1972 నుంచి పరిశోధకురాలు సింథియా మాస్ బృందం ఇక్కడి ఏనుగుల్ని కుటుంబాల వారీగా గుర్తుపట్టి రాసుకుంటూ వస్తోంది. ముందు నడిచే పెద్ద ఆడ ఏనుగే ఆ కుటుంబానికి దారి చూపేది. ఎక్కడ నీళ్ళుంటాయో, ఎటు వెళ్తే ప్రమాదమో దాని జ్ఞాపకంలో ఉంటుంది. దంతాల కోసం అలాంటి పెద్ద ఏనుగును చంపితే ఆ కుటుంబమంతా దిక్కులేనిదైపోతుంది. ఇది తెలిసి చూస్తే ఏనుగుల గుంపు వేరేగా కనిపిస్తుంది.

అంబోసెలి నుంచి మారాకు నేరుగా వెళ్తే రోజంతా బండిలోనే గడుస్తుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే మధ్యలో నైవాషాలో ఆగండి. సాయంత్రం పడవలో హిప్పోల్ని చూడొచ్చు. పక్కనే ఉన్న హెల్స్ గేట్ పార్కులో జీబ్రాల మధ్య సైకిల్ తొక్కొచ్చు. రోజంతా బండిలో కూర్చుని విసిగిన పిల్లలకు ఇది పండగే.

ఖడ్గమృగాలు తప్పక చూడాలంటే నైవాషా బదులు నకూరు పెట్టుకోండి, నల్లవి, తెల్లవి రెండూ ఉన్నాయి. నకూరు ఫ్లెమింగోల పాత ఫొటోలు చూసి మాత్రం వెళ్ళకండి. సరస్సు నీటిమట్టం పెరిగాక అవి చాలావరకు బొగోరియా వంటి సరస్సులకు తరలిపోయాయి.

సమయం మరీ తక్కువైతే, విమానం మారేటప్పుడు ఒక్క పూట చిక్కినా, నైరోబి నేషనల్ పార్కు ఉంది. 1946లో ఏర్పడింది, కెన్యాలో మొట్టమొదటిది. జిరాఫీ వెనకాల నగరం మేడలు కనిపిస్తాయి.

మూడో పని: బండి, మనిషి, బస

సఫారీ అంతా ఆధారపడేది డ్రైవర్ గైడ్ మీద. హోటల్ ఎంత బాగున్నా అక్కడ ఉండేది రాత్రిపూటే, పగలంతా ఉండేది ఈ మనిషితో. కెన్యాలో గైడ్లకు ఒక వృత్తి సంఘం ఉంది, పరీక్షలు పెట్టి కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలు ఇస్తుంది. ఆపరేటర్‌ని సూటిగా అడగండి: "మాకు వచ్చే గైడ్‌ది ఏ స్థాయి? మారాలో ఎన్నేళ్ళు తిరిగాడు?" జవాబు దాటవేస్తే ఇంకొకరిని చూసుకోండి. ఆ ఆపరేటర్ కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘంలో సభ్యుడో కాదో కూడా చూడండి.

బండ్లు రెండు రకాలు. పైకప్పు తెరుచుకునే వ్యాన్ చవక. ల్యాండ్ క్రూయిజర్ ఖరీదు ఎక్కువ, కానీ బురదలో, రాళ్ళలో అదే నడుస్తుంది. మారాకు ల్యాండ్ క్రూయిజర్ తీసుకోండి. ఇతరులతో కలిసి వెళ్తే ప్రతి మనిషికీ కిటికీ సీటు ఉంటుందని రాతపూర్వకంగా తీసుకోండి. మధ్య సీటులో కూర్చుని పక్కవాళ్ళ భుజాల మీదుగా చూడటం చాలా బాధ.

నైరోబి నుంచి మారా సుమారు 270 కిలోమీటర్లు, నారోక్ మీదుగా ఐదారు గంటలు. దారిలో రిఫ్ట్ లోయ మొత్తం కనిపించే చోటు వస్తుంది, అక్కడ ఆగి టీ తాగండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు నైరోబిలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంటలో చేరొచ్చు. ఆ విమానాల్లో సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. చక్రాల సూట్‌కేస్ తీసుకెళ్తే ఇబ్బంది పడతారు.

బస విషయంలో ఒక తేడా తెలుసుకోండి. మారా నేషనల్ రిజర్వు నారోక్ కౌంటీ కింద ఉంది. దాని చుట్టూ ఉన్న భూములు మసాయ్ కుటుంబాలవి. వాళ్ళు ఆ భూముల్ని కన్సర్వెన్సీలకు, అంటే వన్యప్రాణుల కోసం భూమిని కాపాడే సంస్థలకు, అద్దెకిచ్చి నెలనెలా డబ్బు అందుకుంటారు. నబోయిషో, మారా నార్త్ అలాంటివే. అక్కడ బండ్లు చాలా తక్కువ. రిజర్వులో అనుమతి లేని రాత్రి సఫారీ, కాలినడక కూడా అక్కడ చేయొచ్చు. ఖరీదు ఎక్కువే. కానీ మీరు కట్టే డబ్బు వల్ల ఆ కుటుంబాలు పొలాలకు కంచెలు వేయకుండా సింహాలకు చోటు మిగులుస్తున్నాయి. నాలుగు రాత్రుల్లో రెండైనా కన్సర్వెన్సీలో గడపగలిగితే గడపండి.

నాలుగో పని: కాగితాలు, టీకా

దీన్ని చివరికి వదిలేసి టెన్షన్ పడేవాళ్ళను చాలామందిని చూశాను.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్‌లో ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, ఫొటో, విమాన టికెట్, బస వివరాలు కావాలి. రుసుము 30 డాలర్ల పైచిలుకు. కెన్యా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చేయండి, అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు రెట్టింపు వసూలు చేస్తాయి. పిల్లలకూ విడివిడిగా తీసుకోవాలి. ప్రయాణానికి రెండు వారాల ముందే పెట్టేయండి.

అంతకన్నా ముఖ్యం ఎల్లో ఫీవర్ టీకా. ఇది కెన్యా కోసం కన్నా మన దేశంలోకి తిరిగి రావడం కోసం. కెన్యా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా సర్టిఫికెట్ అయిన పసుపు పుస్తకం లేకుండా దిగితే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. ఇది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కొన్ని కేంద్రాల్లో వారంలో కొన్ని రోజులే వేస్తారు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కనీసం నెల ముందు కదలండి. 60 దాటినవాళ్ళు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలనుకుంటే టికెట్లు కొనే ముందే ఈ సంగతి తేల్చుకోండి.

మారాలో మలేరియా ఉంది. నివారణ మాత్రలు ఏవి, ఎప్పటి నుంచి వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి. కొన్ని మాత్రలు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి, మధ్యలో ఆపకండి.

ఐదో పని: సామాను

ఆఫ్రికా అనగానే ఎండ అనుకుంటాం. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. పైకప్పు తెరిచిన బండిలో తెల్లవారుజామున చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. స్వెటర్, గాలి చొరని జాకెట్, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. తొమ్మిదింటికి ఒక్కొక్కటీ విప్పుకుంటూ వస్తారు. రంగుల్లో ఖాకీ, మట్టి, లేత ఆకుపచ్చ మంచివి. ముదురు నీలం, నలుపు వద్దు, కుట్టే ట్సెట్సీ ఈగలు ఆ రంగులకు వస్తాయి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలు అసలే వద్దు.

ప్లాస్టిక్ సంగతి మనవాళ్ళు గట్టిగా గుర్తుంచుకోవాలి. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, 2020 జూన్ నుంచి పార్కుల్లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా. ఆవకాయ, పొడులు కవర్లో చుట్టుకుని వెళ్ళే అలవాటు మానండి. మూత బిగుతుగా ఉండే స్టీల్ డబ్బాల్లో పెట్టి, పాత తువ్వాలులో చుట్టండి. నీళ్ళకు స్టీల్ సీసా తీసుకెళ్ళండి, క్యాంపుల్లో నింపిస్తారు.

తిండికి భయపడక్కర్లేదు. కెన్యాలో భారతీయులు తరాలుగా ఉన్నారు, చాయ్, చపాతీ, సమోసా అక్కడి స్వాహిలి మాటల్లోనే కలిసిపోయాయి. శాకాహారులైతే బుకింగ్ రోజే చెప్పండి, గుడ్డు తింటారో లేదో కూడా.

ప్రతి మనిషికీ బైనాక్యులర్ ఉండాలి, 8×42 సరిపోతుంది. ఒకే బైనాక్యులర్ నలుగురు లాక్కుంటుంటే జంతువు వెళ్ళిపోతుంది. పెద్ద లెన్స్ ఉన్నవాళ్ళు ఇంట్లో పాత జీన్స్ కాలుతో ఒక సంచి కుట్టించుకోండి. నైరోబిలో రెండు కిలోల బియ్యం పోసుకుంటే బండి అంచున పెట్టి కెమెరా కదలకుండా ఆన్చుకోవచ్చు. అక్కడ ప్లగ్గులు చదరపు మూడు పిన్నులవి, అడాప్టర్ కావాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఆరో పని: అడవిలో ఎలా చూడాలి

ఉదయం ఆరింటికే గేటు దాటండి. టిఫిన్ కట్టించుకుని వెళ్ళండి, క్యాంపులో తినేసి బయల్దేరితే మంచి రెండు గంటలు పోతాయి. బయల్దేరేటప్పుడు "సింహం చూపించు" అని గైడ్‌ని తొందరపెట్టకండి. "మాకు తొందరలేదు, మీకు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగండి" అనండి. ఆ ఒక్క మాటతో అతని పనితీరే మారిపోవడం నేను చూశాను. స్వాహిలిలో "పోలె పోలె" అంటే మెల్లమెల్లగా అని, ఆ మాట వాళ్ళకూ ఇష్టం.

రెండో ట్రిప్పులో ఒక ఉదయం మా గైడ్ ఏమీ లేని చోట ఇంజిన్ ఆపేశాడు. దూరంగా చెదపుట్ట మీద ఒక టోపీ జింక నిలబడి ఉంది. దాని పేరే టోపీ, ముదురు గోధుమరంగు ఒళ్ళు, తొడల మీద నీలి మచ్చ. కదలడం లేదు, మేయడం లేదు, ఒకే వైపు చూస్తోంది. కాస్త అవతల రెండు జిరాఫీలు, అవీ అటే చూస్తున్నాయి. "అవి చూసేదే మనమూ చూడాలి" అన్నాడతను. గడ్డి తప్ప ఏమీ లేదు. పావుగంట గడిచింది. అప్పుడు ఆ గడ్డిలో ఒక చెవి కదిలింది, నల్ల అంచు ఉన్న గుండ్రటి చెవి. ఆడసింహం లేచి, వేట చెడిందని తెలిసినట్టు ఒళ్ళు విరుచుకుని, మా బండి పక్కగా నడిచింది. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు తీసింది. ఎక్కడ నుంచో మూడు పిల్లలు తడిసిన పొట్టలతో పరుగెత్తుకొచ్చి దాని గడ్డం కింద తలలు రుద్దాయి. మంచుకు తడిసిన వాటి బొచ్చు వాసన కూడా మాకు తెలిసింది. మొదటి ట్రిప్పులో అయితే ఆ టోపీ జింకను దాటుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

అందుకే ఏమీ లేనట్టున్న చోట కూడా చూస్తూ ఉండండి. అన్ని తలలూ ఒకే వైపు తిరిగాయా? రాబందులు ఒకే చోట దిగుతున్నాయా? ఇంపాలా జింకలు ముక్కుతో బుస్సుమంటున్నాయా? ఇవే కబుర్లు.

మనం తెలుగులో రెండింటినీ చిరుత అనేస్తుంటాం, అక్కడ తేడా తెలియాలి. చిరుతకు పువ్వుల్లాంటి మచ్చలు, బరువైన ఒళ్ళు, ఎక్కువగా చెట్ల మీద, నది ఒడ్డు పొదల్లో ఉంటుంది. చీతాకు నిండు చుక్కలు, సన్నటి నడుము, కళ్ళ నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్ల గీతలు. చీతా పగలే వేటాడుతుంది, బయలులో ఉంటుంది. కాబట్టి బండ్ల వల్ల ఎక్కువ నష్టపోయేది అదే. మారాలో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పర్యాటకులు ఎక్కువగా తిరిగే చోట తల్లి చీతాలు సగటున ఒక్క పిల్లను కూడా పెంచి పెద్దచేయలేకపోయాయని, తక్కువగా తిరిగే చోట రెండుకు పైగా పెంచాయని తేలింది.

ఈ సంగతి తెలిశాక ఇంకా దగ్గరికి వెళ్ళమని ఎవరూ అడగకూడదు. రిజర్వులో దారి దిగి నడపడం నిషేధం. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదు. వేరేవాళ్ళు ఎదురుచూస్తుంటే పది నిమిషాల్లో తప్పుకోవాలి. నియమం తప్పేది డ్రైవరే కావచ్చు, కానీ టిప్ ఆశ చూపించి "ఇంకొంచెం ముందుకు" అని నియమం తప్పేలా చేసేది మనం. అతనికి జరిమానా పడొచ్చు, పార్కులోకి రాకుండా చేయొచ్చు. నది దాటే చోట ఇది ఇంకా ముఖ్యం. గుంపు ఒడ్డుకు వచ్చి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, గంటల తరబడి తటపటాయిస్తుంది. గుంపు నదిలోకి దిగే దారికి బండ్లు అడ్డంపడితే భయపడి ఎక్కువ లోతున్న చోట దూకుతాయి. గైడ్ దూరంగా ఆపితే మంచి గైడ్ దొరికాడని సంతోషించండి.

బండి దిగకండి, పైకప్పు మీద ఎక్కకండి, ఫోన్‌లో పాటలు పెట్టకండి. బాత్రూం అవసరం వస్తే మొహమాటపడకుండా గైడ్‌తో చెప్పండి. గేట్ల దగ్గర, కొన్ని విశ్రాంతి చోట్ల ఉంటాయి. లేకపోతే భద్రమైన చోటు చూసి ఆపుతాడు. ఆడవాళ్ళు దీనికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తున్నారు, అలా చేయకండి, ఎండలో తలనొప్పి పట్టుకుంటుంది.

చీకటిపడ్డాక క్యాంపులో గుడారం నుంచి భోజనానికి కూడా ఒంటరిగా నడవకూడదు, కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. అక్కడ వాళ్ళను అస్కారీ అంటారు. గుడారం జిప్ ఎప్పుడూ పూర్తిగా వేయండి, కోతులు అరటిపండు కోసం మాత్రల డబ్బా కూడా ఎత్తుకెళ్తాయి. మసాయ్ ఊరికి వెళ్తే రుసుము ముందే మాట్లాడుకోండి, ఫొటో తీసే ముందు అడగండి.

చివరి రోజు

రిజర్వు లోపల బస చేసినవాళ్ళు వెళ్ళే రోజు ఉదయం 10 లోపు గేటు దాటాలి, ఆలస్యమైతే ఇంకో రోజు రుసుము పడుతుంది. ఎప్పటికి బయల్దేరాలో గైడ్‌తో ముందు రాత్రే మాట్లాడుకోండి. టిప్ రోజుకు బండికి 10 నుంచి 20 డాలర్లు వాడుక, చివరి రోజు కవర్లో పెట్టి చేతికివ్వండి. పాత డాలర్ నోట్లు, చిరిగినవి అక్కడ తీసుకోరు, కొత్తవి తీసుకెళ్ళండి. పసుపు పుస్తకాన్ని చెక్-ఇన్ బ్యాగులో పడేయకుండా పాస్‌పోర్టుతో పాటు చేతిలో ఉంచుకోండి.

ఇంటికొచ్చాక కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల తర్వాత కూడా, జ్వరం వస్తే మామూలు జ్వరమే అని ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, కెన్యా వెళ్ళొచ్చామని మొదటి మాటగా చెప్పి, మలేరియా పరీక్ష చేయించుకోండి.